కంపు మందు, నశ్యం డబ్బీ, మా బావ ముక్కు

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే గాలి ఉద్యోగమని చెప్పేవాణ్ణి. నాకు పిల్లనివ్వడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఈ మాట విని కాసేపు ఆలోచించి, సైకిళ్ళకా అని అడిగాడు. కాదండీ, బంగారు గనుల్లో భూమి కింద పనిచేసేవాళ్ళకు మంచి గాలి పంపించి చెడ్డ గాలిని బయటికి లాగే విభాగం, నన్ను వెంటిలేషన్ ఆఫీసరంటారు అని వివరించాను. ఆయనకు సైకిల్ షాపే నయమనిపించినట్టుంది. ఆ సంబంధం కుదరలేదు.

గనులు మూతపడ్డాయి. నేనూ రిటైరయ్యాను. అయినా ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఉద్యోగాలకు వెళ్ళే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. ప్రమోషన్ ఎలా వస్తుంది, పై ఆఫీసరుకు రిపోర్టు ఎలా రాయాలి అని అడుగుతారు. అవి నాకు గుర్తులేవు, గుర్తున్నా చెప్పను. గాలి గురించి అడగండి, అన్నం తినడం మానేసి చెప్తాను. అది కాగితం మీద పెడితే ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇందులో సగం మా బావ ముక్కు గురించి ఉంటుంది. దాన్ని తప్పించే మార్గం నాకు కనిపించలేదు.

బరువు సంగతి

గాలి కంటికి కనిపించదు కాబట్టి దాని గురించి అందరూ ధైర్యంగా మాట్లాడేస్తారు. నా సర్వీసంతా విన్న మాట ఒకటుంది: తేలిక వాయువు పైకి పోతుంది, బరువు వాయువు కిందికి దిగుతుంది, అంతే సంగతి. ఇది సగం నిజం. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకుని సరిచేసేవారు. సగం నిజాన్ని పట్టుకోవడం కష్టం.

వాయువంటే కణాల గుంపు. అవి ఒక్క క్షణం కుదురుగా ఉండవు. ఒకే వేడిలో ఉన్నప్పుడు తేలిక కణాలు వేగంగా పరిగెడతాయి, బరువు కణాలు నిదానంగా పరిగెడతాయి. నిదానమంటే ఎద్దుల బండి అనుకోకండి, అదీ రైలుకు అందనంత వేగమే. మరి అంత వేగం ఉంటే, గదిలో ఒక మూల సీసా మూత తీసినప్పుడు రెండో మూలకు వాసన రావడానికి అంతసేపు ఎందుకు పడుతుంది? దారి పొడుగునా గాలి కణాలు గుద్దుకుంటాయి కాబట్టి. మనుషుల్ని గనిలోకి దించే ఇనుప బోనును మేము కేజ్ అనేవాళ్ళం. షిఫ్టు మారేటప్పుడు ఆ కేజ్ ముందు తొక్కిసలాట చూసినవాడికి ఇది సులభంగా అర్థమవుతుంది. చురుకైన సన్నటివాడు సందుల్లో దూరి ముందుకొచ్చేస్తాడు. లావుపాటి మేస్త్రీ గుద్దుకుంటూ, తిట్టుకుంటూ అక్కడక్కడే తిరుగుతుంటాడు.

కొత్తవాళ్ళకు ట్రైనింగ్ క్లాసులో ఒక గాజు గొట్టం చూపించేవాణ్ణి. ఒక కొస అమ్మోనియాలో తడిపిన దూది, రెండో కొస యాసిడ్‌లో తడిపిన దూది పెట్టి రెండు వైపులా బిరడాలు బిగించేవాణ్ణి. రెండు వాయువులూ ఎదురెదురుగా బయలుదేరి కలిసిన చోట తెల్లటి వలయం ఏర్పడేది. అది ఎప్పుడూ గొట్టం మధ్యలో రాదు, యాసిడ్ వైపే వస్తుంది. అమ్మోనియా తేలిక కాబట్టి అది ఎక్కువ దూరం వచ్చేసి ఉంటుంది. క్లాసంతా ఆహా అనేది. అప్పుడు బిరడాలు తీసేసి ఒక రబ్బరు బుడ్డితో గొట్టంలోకి గాలి కొట్టేవాణ్ణి. వలయం చెదిరి అవతలికి కొట్టుకుపోయేది. మీరు నేర్చుకోవలసింది ఈ రెండోది అని చెప్పేవాణ్ణి. గాలి పారే చోట బరువువాడూ తేలికవాడూ ఒకే బస్సులో పోతారు.

గాలి ఆడని పాత గుంతల్లో, కర్రలు కుళ్ళిన చోట, కార్బన్ డయాక్సైడ్ నేల మీద పడి ఉంటుందన్నది నిజమే. అక్కడ కదిలించేది ఏదీ లేదు, అది అక్కడే పుట్టింది కూడా. అలాంటి చోటికి తల వంచి దూరినవాడు లేవడు, దాంతో పరాచికాలొద్దు. కానీ ఒకసారి గాలి పారి బాగా కలిసిపోయాక, నేను బరువుగా ఉన్నానని చెప్పి ఏ వాయువూ విడిపోయి కిందికి దిగదు. కాఫీలో కరిగిన చక్కెర మళ్ళీ గడ్డ కట్టి గ్లాసు అడుక్కి చేరదు కదా. ఇంత చిన్న విషయం కోసం నేను ఒక పెద్ద ఆఫీసరుతో గొంతు చించుకోవలసి వచ్చింది.

మా అక్క అడిగిన ప్రశ్న

గనిలో పొగ పుడితే కింద చెల్లాచెదురుగా ఉన్న మనుషులందరికీ కబురు చేరాలి. ఫోన్లు కొన్ని చోట్లే ఉండేవి. రాతికి బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ మిషన్ పక్కన నిలబడ్డవాడికి ఎంత పెద్ద సంగు, అదే సైరను, ఊదినా వినపడదు. అందుకని కబురు వాసనతో పంపేవాళ్ళం. ఆ మిషన్లు నడిచేది పైనుంచి పైపుల్లో వచ్చే ఒత్తిడి గాలితో. ఆ పైపులోకి పైన ఒక ద్రవాన్ని ఎక్కిస్తే కాసేపట్లో కింద ప్రతి మిషనూ కుళ్ళిన ఉల్లిగడ్డ కంపును మనిషి మొహాన కొడుతుంది. కంపు తగలగానే పని వదిలి పైకి వచ్చేయాలి. దానికి పుస్తకాల్లో మంచి పేరుంది, మా దగ్గర మాత్రం కంపు మందు. ఒక్క చుక్క చొక్కా మీద పడితే ఆ చొక్కాను ఇంట్లోకి రానివ్వరు. కొన్నిసార్లు చొక్కా విప్పేసి వెళ్ళినా నన్నూ రానివ్వలేదు.

మా బావ మునెప్ప డ్రిల్లింగ్ మిషన్ మనిషి. బైరకూరు దగ్గర రాగి చేను వదిలి గనిలో చేరాడు, మా అక్క రత్నమ్మను చేసుకున్నాడు. ఆ ఏడాది వాళ్ళ ముఠాను బాగా లోతులో ఒక మొండి సొరంగానికి మార్చారు. మొండి సొరంగమంటే ఒకవైపే దారి, రెండోవైపు రాయి. అక్కడికి పైపులో వచ్చిందే గాలి, పైపులో వచ్చిందే కబురు. ఈ సంగతి తెలిసిన రోజు మా అక్క గని కూలీలకు వరసగా కట్టిన లైను ఇంటి గడప మీద కూర్చుని రాగులు చెరుగుతోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది.

"ఏమప్పా, నువ్వు గాలి ఆఫీసరు గదా. పొగ వచ్చిన పొద్దు మీ కంపు ఆయప్ప దాకా పోతాదా? నాకు నిజం చెప్పు."

పోతుందక్కా అన్నాను. మాట ఇచ్చింది నేను. అందుకే ఆ తర్వాత ఆ కంపు జోలికి ఎవరొచ్చినా నాకు ఒళ్ళు మండేది.

శేషగిరి గారి సిద్ధాంతం

గనులు సర్కారువి అయ్యాక పాత దొరలు వెళ్ళిపోయారు, కొత్త దొరలు వచ్చారు. మా విభాగానికి వచ్చినాయన శేషగిరి గారు, కోస్తా మనిషి. లెక్కల్లో దిట్ట, మనసు వెన్న, ఎవరింట్లో జ్వరం వచ్చినా వచ్చి పలకరించేవాడు. ఆయనతో ఒకటే చిక్కు. ఆయనకు ప్రపంచంలో ప్రతిదానికీ బరువే కారణం. కాంటీన్‌లో ఇడ్లీ గట్టిగా ఉందంటే పిండి బరువు గురించి చెప్పేవాడు. వెనకాల అందరూ బరువు దొర అనేవాళ్ళు. ఆయనకూ తెలుసు, సంతోషించేవాడు.

ఆయన వచ్చిన కొత్తలో కంపు మందును పైపులోకి ఎక్కించే పరికరం పాడైంది. విడిభాగాలు విదేశం నుంచి రావాలి. శేషగిరి గారు ఆలోచించి అసలు పరికరమే అక్కర్లేదని తేల్చాడు. కంపు మందు ఆవిరి గాలి కంటే రెండింతలు బరువు. గని కింద ఉంది. బరువైనది కిందికి దిగుతుంది. కాబట్టి షాఫ్టు నోటి దగ్గర, అంటే కేజ్ దిగే ఆ నిలువు బావి అంచున, గోనెపట్టాల మీద మందు పోసి వేలాడదీస్తే చాలు, అదే నడుచుకుంటూ మొండి సొరంగాల దాకా పోతుంది అన్నాడు. నేను నా గాజు గొట్టం పట్టుకెళ్ళి చూపించాను. ఆయన మొదటి సగం చూసి భేష్ అన్నాడు, రెండో సగానికి ఫోన్ వచ్చింది.

దాని కంటే ఘోరం ఇంకోటుంది. మందు పోయడానికి ఆయన ఎంచుకున్నది తన ఆఫీసుకు దగ్గరి షాఫ్టు. అది గాలి లోపలికి దిగే షాఫ్టు కాదు. పెద్ద ఫ్యాను పెట్టి కింది గాలినంతా పైకి లాగి ఊరి మీదికి వదిలే షాఫ్టు. సార్, ఇక్కడ గాలి పైకి వస్తోంది అన్నాను. తేలిక గాలి వస్తుందయ్యా, బరువుది రాదు అన్నాడు. నా టోపీ ఆ షాఫ్టు మీద పెడితే ఎగిరిపోతుంది సార్, టోపీ కంటే బరువా మీ మందు అని అరిచాను. ఆఫీసరు మీద అరవకూడదని నాకు తెలుసు. కానీ ఈ పద్ధతి ఖాయమైతే మా బావ మొండి సొరంగానికి ఏ కబురూ చేరదు. అరవక ఏం చేయమంటారు? ఆయన కోపగించుకోలేదు. సరే, ప్రయోగం చేసి చూద్దాం, నీదో నాదో తేలిపోతుంది అన్నాడు. కంపు తగలగానే పైకి రావాలని ముఠాలన్నిటికీ ముందుగా చెప్పించాడు.

ప్రయోగం రోజు మధ్యాహ్నం గోనెపట్టాలు తడిపి షాఫ్టు నోట్లోకి వేలాడదీశాం. మరుక్షణం నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. కూలీలు పట్టాలు వదిలేసి పరిగెత్తారు. ఫ్యాను తిప్పే ఆపరేటర్ తల గుడ్డంతా ముక్కులో కుక్కుకున్నాడు. శేషగిరి గారు మాత్రం షాఫ్టు అంచున నిలబడి హాయిగా గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

"చూశావా? ఇక్కడ ఇసుమంత వాసన లేదు. మొత్తం దిగిపోయింది" అన్నాడు.

మొండితనానికీ ఒక హద్దుంటుంది అనుకున్నాను. ఆ రోజు ఆ నిశ్చలమైన మొహం నాకు అర్థం కాలేదు.

ఊళ్ళో ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. క్లబ్బులో ఒక ఆఫీసరుకు వీడ్కోలు భోజనం జరుగుతోంది. కంపు సరిగ్గా కోడి కూర గిన్నె మూత తీసిన క్షణాన చేరింది. పాపం ఆ వంటవాణ్ణి అక్కడికక్కడే ఉద్యోగం నుంచి తీసేశారు, సాయంత్రం మళ్ళీ పెట్టుకున్నారు. మంగలి షాపులో సగం గడ్డంతో ఉన్నవాడు బయటికి పరిగెత్తాడు, మంగలి ఇంకోవైపు పరిగెత్తాడు. లైను ఇళ్ళల్లో ప్రతి ఇల్లూ పక్కింటిని అనుమానించింది. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న మాటలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం బయటపడ్డాయి. కొందరు ఆ తర్వాత చాలాకాలం మాట్లాడుకోలేదు.

గనిలో మాత్రం ఒక్కడి ముక్కూ అదరలేదు. అందరూ ప్రశాంతంగా సద్ది తిని పని చేసుకున్నారు. బావ షిఫ్టు దిగి వచ్చి, ఈ పొద్దు ఊరంతటికీ మంచి గాలి మా సొరంగంలోనే ఉండాదని చెప్పి నవ్వాడు. అక్క నవ్వలేదు. నా వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

శేషగిరి గారి గొప్పతనం ఇక్కడ చెప్పాలి. మర్నాడు నన్ను పిలిచి, నువ్వన్నదే సరి, మళ్ళీ పైపు పద్ధతికే పోదాం అన్నాడు. పై అధికారుల్లో ఈ మాట అనగలిగినవాళ్ళు నాకు మరి తగల్లేదు. మీకు తగిలితే వదులుకోకండి, మిగతా బుద్ధులన్నీ భరించండి.

ఒకే డబ్బీలో రెండు వేళ్ళు

పరికరం బాగుచేయించి రెండో ప్రయోగం చేశాం. ఈసారి మందు ఒత్తిడి గాలితో కలిసి పైపుల్లో పోయింది. బరువు తేలికల పంచాయితీ ఏమీ లేదు, గాలి ఎక్కడికి పోతే అదీ అక్కడికే. కాసేపటికే ముఠాలు ఒకటొకటిగా ముక్కులు మూసుకుని, మా విభాగాన్ని అమ్మా ఆలీ కలిపి తిడుతూ పైకి రాసాగాయి. అంత మంచి తిట్లు నేను మళ్ళీ వినలేదు. అందరూ వచ్చారు. మా బావ ముఠా రాలేదు.

శేషగిరి గారి మొహం వాడిపోయింది. మొండి సొరంగం కదా, అంత బరువు వాసన అంత దూరం పోలేదేమోనని గొణిగాడు. ఇద్దరం కేజ్ ఎక్కి కిందికి దిగి సొరంగం దాకా నడిచాం. మలుపు తిరగ్గానే కంపు నన్ను ఎత్తి కొట్టినంత పనైంది. గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల బావా, మిగతా ముఠా, ఉల్లిగడ్డ కంపు కక్కుతున్న మిషన్‌ను కౌగిలించుకుని రాయి తొలుస్తున్నారు. ఒకడు పాట కూడా పాడుతున్నాడు.

మమ్మల్ని చూసి మిషన్ ఆపారు. కంపు రాలేదా బావా అన్నాను. యాడ కంపు అన్నాడు. శేషగిరి గారు గట్టిగా పీల్చి చూసి, నిజమేనయ్యా, ఇక్కడికి చేరలేదు అన్నాడు. నేను ఊపిరి బిగబట్టి వాళ్ళిద్దరినీ చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు బావ నడుం దగ్గర్నుంచి నశ్యం డబ్బీ తీశాడు. గనిలో బీడీ ముట్టించడం కూడదు. అందుకని కింద పనిచేసేవాళ్ళల్లో చాలామంది నశ్యం పీల్చేవాళ్ళు. ఎవడు డబ్బీ తీసినా ముఠాలో అందరికీ చాపాలి, చాపితే కాదనకూడదు. కాదంటే నీతో పని చేయనన్నట్టే. బావ మర్యాదగా ముందు దొరకు చాపాడు. శేషగిరి గారు అలవాటైన చేత్తో చిటికెడు తీసి ముక్కులో ఎక్కించి కళ్ళు మూసుకున్నాడు. అదే డబ్బీలోంచి బావా ఎక్కించాడు. ఇద్దరి మొహాల్లోనూ అదే నిశ్చలత, షాఫ్టు అంచున నేను చూసిందే.

నాకు ఒక్కసారిగా వెలిగింది. కణం బరువెంత, గాలి వేగమెంత అని పుస్తకాలు తిరగేశాం. ఆ కణం చివరికి చేరవలసింది ఒక ముక్కులోకి, ఆ ముక్కుకు నశ్యంతో బిరడా వేసి ఉందని ఎవరికీ తట్టలేదు. అక్కడే కూర్చుని పిచ్చివాడిలా నవ్వాను. నవ్వాలంటే పీల్చాలి కదా, అందుకని వెంటనే వాంతి కూడా చేసుకున్నాను.

తెరుచుకున్న ముక్కు

మిగతా ముఠాల్లో ముక్కు ఇంకా మూసుకుపోనివాడు ఒక్కడైనా ఉన్నాడు, బావ ముఠాలో ఒక్కడూ లేడు. నశ్యం పూర్తిగా ఆపించడం ఎవరి వల్లా కాదు, సమ్మె చేస్తారు. శేషగిరి గారే ఒక దారి చెప్పాడు: ప్రతి ముఠాలో ఒక్కడు నశ్యం మానాలి, వాడే ఆ ముఠాకు ముక్కు. చెప్పడమే కాదు, ఆఫీసుకు ముక్కు నేనని తన వెండి డబ్బీ భార్య చేతికిచ్చేశాడు. మూడో వారంలో ఆయన ఆఫీసులో కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే ఏమైంది సార్ అన్నాను. మా ఆవిడ ఉప్మాలో కరివేపాకు వేస్తుందయ్యా అన్నాడు. ఇన్నేళ్ళూ తెలియలేదట.

బావ ముఠాలో చీటీలు వేస్తే బావ పేరే వచ్చింది. మొదటి వారం రోజులు అక్కను, నన్ను, బైరకూరులో ఉన్న పెద్దల్ని కూడా తిట్టాడు. ఆ తర్వాత ముక్కు తెరుచుకుంది. తెరుచుకోవడమంటే మామూలుగా కాదు. దిండు వాసనన్నాడు, పాలు వాసనన్నాడు, పెళ్ళయిన ఇన్నేళ్ళకు అక్క తలకు రాసే నూనె మార్చమన్నాడు. కేజ్‌లో పక్కవాడి చంకల గురించి అందరికీ వినిపించేలా మాట్లాడాడు. ఆ పక్కవాడు మంచివాడు కాబట్టి సరిపోయింది.

కింద ఇంకా అన్యాయం. ఎవడి సద్ది డబ్బాలోనో ఉల్లిగడ్డ చట్నీ వేడికి పాడైతే కంపు మందు వచ్చిందని ముఠాను పరిగెత్తించాడు. బూట్లకు పట్టిన వాసనకోసారి, తడిసిన కర్రల వాసనకోసారి పరిగెత్తించాడు. గౌనిపల్లిలో చుట్టాల మామిడికాయల గోడౌన్‌కు వెళ్ళినప్పుడు కాయలు మాగబెట్టే కార్బైడ్ వెల్లుల్లి వాసన తగిలింది. అందరూ పైకి నడవండి అని అరిచి గోడౌన్ మొత్తం ఖాళీ చేయించాడు. నేల మీద ఉన్న గోడౌన్‌లో పైకి ఎక్కడికి నడవాలో తెలియక జనం రోడ్డు మీద నిలబడ్డారట. ఆ వాయువు బరువు దాదాపు గాలి బరువే, అటు నేలనూ ఇటు పైకప్పునూ పట్టించుకోదు అని నేను చుట్టాలకు శాస్త్రం చెప్పబోయాను. వాళ్ళు నన్ను కూడా బయటికి పంపారు.

చివరికి ముఠా బావ మాట వినడం మానేసింది. ఆయన ముక్కు ఎగబీల్చితే చాలు పగలబడి నవ్వేవాళ్ళు. నాకూ నవ్వొచ్చేది. అక్కకు మాత్రం రాలేదు. ఒక రోజు నాకు సంగటి ముద్ద వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"ముక్కు తెరిపించినారు, బాగుండాది. ఇంగ నిజంగా కంపు వచ్చిన పొద్దు ఆయప్ప చెప్తే ఎవురప్పా ఇనేది? ముఠాను ఇడిచిపెట్టి తానొక్కడే వచ్చే మనిషి కాదు ఆయప్ప. అది నాకు తెలుసు."

పిల్లలూ, మీరు ఎన్ని యంత్రాలైనా పెట్టండి. కబురు చేరడం ఒక పని, చేరిన కబురును నలుగురు నమ్మడం ఇంకో పని. రెండోది ఏ కాలేజీలోనూ నేర్పరు.

నిజంగా వచ్చిన రోజు

ఒక రోజు పగటి షిఫ్టులో కింద ఒక పాత అంతస్తులో కర్రల దిమ్మెలు రాజుకుని పొగ లేచింది. శేషగిరి గారికి ఫోన్ రాగానే కంపు మందు ఎక్కించమన్నాడు. ఈసారి ఆయన బరువు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. పొగ ఏ దారిన పోతోందో బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. కాసేపట్లో అది మొండి సొరంగం దారికి అడ్డం పడుతుంది. మనుషులు ఆలోగా దాటి రావాలి.

సంగు ఊదారు. లైను ఇళ్ళ ఆడవాళ్ళంతా షాఫ్టు దగ్గరికి వచ్చేశారు. అక్క కొంగు నడుముకు చుట్టి ముందు వరసలో నిలబడింది. ముఠాలు పైకి వస్తున్నాయి, ఒక్కో కేజ్ తెరిచినప్పుడల్లా కుళ్ళిన ఉల్లిగడ్డ కంపు గుప్పుమంటోంది, ఆడవాళ్ళు ముక్కులు మూసుకుంటున్నారు, ఎవరి మనిషి వచ్చాడో చూసుకుంటున్నారు. బావ రాలేదు. తర్వాతి కేజ్‌లోనూ రాలేదు. కింద వాళ్ళందరూ ఆయన్ను చూసి నవ్వుతున్నారేమోనన్న ఆలోచన నన్ను నిలబడనివ్వలేదు. నేను దిగుతానన్నాను. శేషగిరి గారు నా భుజం పట్టుకుని ఆపి, తానే వచ్చి కేజ్ ముందు నిలబడ్డాడు.

ఆ తర్వాత వచ్చిన కేజ్‌లోంచి ముందు తిట్లు వినిపించాయి. తలుపు తెరవగానే బావ ముఠా మొత్తం దిగింది. ఇద్దరు దగ్గుతున్నారు, మిగతావాళ్ళ మొహాల్లో నెత్తురు లేదు. అందరూ ఉన్నారు. బావ చివర దిగాడు.

ఎలా నమ్మించావు మునెప్పా అని శేషగిరి గారు అడిగాడు.

"నమ్మలేదు సార్, నవ్వినారు. ఇంగేం చేసేది? మిషన్‌కు గాలిచ్చే కొళాయి కట్టేసి, దాని పిడి ఊడబెరికి జేబులో ఏసుకొని నడిచినాను. పిడి లేకుండా పనెట్ల చేస్తారు? దాని కోసరం కొట్టేదానికి నా ఎనకాలే తరుముకొని వచ్చినారు. సగం దారిలో పొగ కనిపించినాది. అప్పుడు నోర్లు మూసుకొన్యారు."

ముఠాలో అందరికంటే పెద్ద నోరున్నవాడు తల వంచుకుని, పట్టుకుని ఉంటే నిజంగానే కొట్టి ఉందుము సార్ అన్నాడు. ఆ తర్వాత అక్కడే కూలబడి ఏడ్చాడు. సొరంగంలో ఊపిరికి వచ్చే పెద్ద పైపు మూయలేదు కదా అని నేను అడిగాను, ఎంతైనా గాలి ఆఫీసర్ని కదా. లేదు, మిషన్‌దొక్కటే అన్నాడు బావ. నేను వేరేవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, కంపు వల్ల అని అనుకున్నారు.

ఆడవాళ్ళంతా మగవాళ్ళకు దూరంగా నిలబడి కొంగులు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు. అక్క మాత్రం నేరుగా వెళ్ళి, అంతమంది ముందు, బావ చొక్కాలో ముక్కు పెట్టి అలాగే నిలబడిపోయింది. బావ సిగ్గుతో కుచించుకుపోయాడు. దూరంగా ఉండు రత్నా, ఒళ్ళంతా కంపు కొడతా ఉండాను, అందురూ చూస్తా ఉండారు అన్నాడు.

అక్క తల ఎత్తలేదు. చొక్కాలోంచే మాట్లాడింది.

"కొట్టప్పా. నీకు ఎంత చేతనైతే అంత కంపు కొట్టు."